సముద్రానికి కట్టిన గోడలు

అనగా అనగా, వానకు మొహం వాచిన ఒక మెట్టసీమలో బీరమ్మ అనే గొర్రెల కాపరి ఉండేది. ఆమె తండ్రి ఓదెలయ్యకు రోజురోజుకూ చూపు మందగిస్తోంది. నిన్న కనిపించిన కొండ నేడు మసకబారుతోంది.

"బిడ్డా, ఈ కళ్ళు పూర్తిగా ఆరిపోకముందే ఒక్కసారి సముద్రాన్ని చూడాలని ఉందే. అవతలి ఒడ్డే కనబడని నీళ్ళట!" అన్నాడాయన.

బీరమ్మ మందను చెల్లెలికి అప్పగించింది. గొంగడి భుజాన వేసుకుంది. తండ్రి చేయి పట్టుకుని బయలుదేరింది. కొండలు దాటారు, వాగులు దాటారు, చివరికి శంఖపురం చేరారు.

శంఖపురం పెద్ద రేవు పట్టణం. వీధుల నిండా ఉప్పుగాలి. చెవుల నిండా అలల హోరు. కానీ సముద్రం మాత్రం ఎటు చూసినా కనిపించదు! ఒడ్డు పొడవునా నిలువెత్తు గోడలు.

మొదటి గోడ వర్తకుడు ధనగుప్తుడిది. అతడి కావలివాడు కర్ర అడ్డం పెట్టాడు. "ఇది అయ్యగారి సముద్రం. ఆయన ఓడలు వచ్చే చోట దారిన పోయేవాళ్ళకు పనేమిటి?"

రెండో గోడ నౌకాధిపతి వీరబాహుడి తోటది. అక్కడి భటుడు ఈటె ఎత్తాడు. "ఇది దొరగారి సముద్రం. పోండి, పోండి!"

మూడో గోడ రాజుగారి బావమరిది విలాసుడి విహారభవనానిది. అక్కడి ద్వారపాలకుడు ముక్కు మూసుకున్నాడు. "గొర్రెల కంపు! పట్టుబట్టలు లేనివాళ్ళకు ఈ సముద్రం లేదు."

ఓదెలయ్య నీరసంగా నవ్వాడు. "పోదాం పద తల్లీ. హోరు విన్నాను, అది చాలు."

ఆ మాట వినగానే బీరమ్మకు ఒళ్ళు భగ్గుమంది. "చాలదు నాయనా! ఏమిటీ అన్యాయం? రేపు వెన్నెలకు కూడా తలుపులు బిగిస్తారా వీళ్ళు? నువ్వు చూడందే నేను ఈ ఊరు కదలను!"

పక్కనే చేపల తట్ట దించుకుంటున్న పోలమ్మ ఆ కేకలు విన్నది. "అరిచి ఏం లాభమమ్మా? పై ఊరి నుంచి వచ్చినదానివి, నీకు ఒక్కనాటి బాధ. మాకు నిత్యం ఇదే. కిందటి కార్తీకంలో తుఫాను వచ్చింది. సముద్రం పడవలను మింగింది. గోడల అవతల ఒడ్డునున్న మా గుడిసెలు వదిలి ఊళ్ళోకి పరుగెత్తబోతే ఈ గోడలే అడ్డం. తలుపు తియ్యమని మొత్తుకున్నాం, ఒక్కడూ తియ్యలేదు. నా మరిది అక్కడే పోయాడు."

బీరమ్మ పోలమ్మ చేయి గట్టిగా పట్టుకుంది. "నాతో రా. రాజుగారిని అడుగుదాం."

"ఆ ముగ్గురూ ఆయన పక్కనే కూర్చుంటారమ్మా!"

"మరీ మంచిది. ముగ్గురినీ వేరువేరుగా వెతుక్కునే పని తప్పింది."

మరునాటి ఉదయం జయంతవర్మ మహారాజు కొలువు తీరాడు. పోలమ్మను వెంటబెట్టుకొచ్చిన బీరమ్మ చేతులు జోడించి నిలబడింది. "మహారాజా, మీ ఊళ్ళో సముద్రం ఎవరిది? ఒక్కొక్క ద్వారం దగ్గర ఒక్కొక్క పేరు చెప్పారు."

రాజు ఆశ్చర్యపడి పక్కకు చూశాడు.

ధనగుప్తుడు లేచాడు. "ప్రభూ, నా గోడ ముందున్న సముద్రం నాది. మా తాతలనాటి హక్కు."

వీరబాహుడు మీసం దువ్వాడు. "నా తోట ముందున్నది నాది. నా పరాక్రమానికి దక్కింది."

విలాసుడు నవ్వాడు. "నా భవనం ముందున్నది నాదే బావగారూ. వేరే చెప్పాలా?"

"సంతోషం," అంది బీరమ్మ. "మహారాజా, నా గొర్రె పరాయి చేలో పడితే జవాబు చెప్పవలసింది ఎవరు?"

"నువ్వే. గొర్రె నీది కదా!"

"అయితే చెప్పండయ్యా!" ఆమె గొంతు కొలువంతా మోగింది. "కిందటి కార్తీకంలో మీ సముద్రం పడవలను మింగింది, గుడిసెలను మింగింది. ఈ పోలమ్మ మరిదిని మింగింది. మీ ముగ్గురిలో ఎవరి సముద్రం అది?"



"అది... అది దైవానిది," అని గొణిగాడు ధనగుప్తుడు. "నాది కాదు," అన్నాడు వీరబాహుడు. "నాకేం సంబంధం?" అన్నాడు విలాసుడు.

"విన్నారా మహారాజా? అలల అందం వీళ్ళదట. అలలు తెచ్చే చావు మాత్రం పోలమ్మదట!"

జయంతవర్మ సిగ్గుతో తల దించుకున్నాడు. "మేడ మీది నుంచి నాకు సముద్రం రోజూ కనిపిస్తుంది. కింద ఉన్నవాళ్ళకు కనిపిస్తోందో లేదో నేనెన్నడూ అడగలేదు. తప్పు నాది కూడా." అతడు ముగ్గురి వైపు తిరిగాడు. "మీది కాదని మీ నోటితోనే అన్నారు. ఇక గోడలు దేనికి? మీ చేతులతోనే పడగొట్టండి. తరువాత పలుగు వదలకుండా జాలరుల ఇళ్ళు కట్టండి."

గోడలు కూలాయి. పోలమ్మ తన మరిది పోయిన చోట దీపం వెలిగించి, చాలాసేపు ఏడ్చింది.

బీరమ్మ తండ్రిని మెల్లగా నీళ్ళలోకి నడిపించింది. ఒక అల వచ్చి ఆయన మోకాళ్ళను తడిపింది. ఓదెలయ్య మసక కళ్ళను చికిలించి, ఈ చివరి నుంచి ఆ చివరి దాకా చూశాడు.

"బిడ్డా," అన్నాడు, "ఇంత పెద్దదాన్నా వాళ్ళు దాచుకుందామనుకున్నారు?"

అందరి సొత్తునూ లాభానికి నాదనేవాడు నష్టానికి నాది కాదంటాడు. అలాంటివాడిని నిలదీసి అడగడమే ధర్మం.