రాజుగారి పాక

కొండకూ ఏటికీ నడుమ రేగులపాడు అని ఒక రాజ్యం ఉండేది. దాన్ని ఏలే మేదినీరాయుడు మంచివాడే గాని, డాబు ఎక్కువ. పొరుగు రాజు చూడవస్తున్నాడని తెలిసి ఆయన ఒక శాసనం చేశాడు. కోట ఊళ్ళో తొమ్మిది మూరల కంటే తక్కువ వెడల్పున్న ఇల్లు ఉండరాదు. ఉంటే పడగొట్టాలి.

ఆ ఊళ్ళో నూకాలు తుంగచాపలు అల్లి బతికేది. మగడు పోయాక తానే మట్టి తొక్కి, గోడ పెట్టి, తాటాకు కప్పి ఇల్లు కట్టుకుంది. వెడల్పు ఐదు మూరలు. చాప పరిస్తే ఇల్లు నిండిపోయేది. అయినా ఎంత వాన కురిసినా లోపల చుక్క కారేది కాదు.

తలారి వచ్చి ఇల్లు ఖాళీ చేయమన్నాడు. ఆమె నేరుగా రాజసభకే వెళ్ళింది.

"సత్రంలో చోటిస్తాం, అక్కడ ఉండు," అన్నాడు రాజు.

"సత్రం గడప నాది కాదు కదా మారాజా," అంది నూకాలు. "నా ఇల్లు చిన్నదే. కానీ అందులో మట్టిపెళ్ళ కూడా చెయ్యి చాచి తెచ్చింది కాదు."

"కోడిగూడంత ఇంటికి ఇంత అతిశయమా?" అన్నాడు రాజు. సభ నవ్వింది.

నవ్వనివాడు ఒక్కడే, కొండుభట్టు. నవ్వించడమే అతని కొలువు. అతను లేచాడు.

"ప్రభూ, తలారులు మెతకవాళ్ళు. ఒకరి ఏడుపు చూసి వదిలేస్తారు. ఈ పని నాకప్పగించండి. రేపు పొద్దున్నే మొదలుపెడతాను."

నూకాలు అతని వంక చూసింది. "తమరు కూడానా అయ్యా? మొన్న పండక్కి నా చాప మీదే కూర్చుని భోంచేశారు."

"చాప బాగుంది. శాసనం శాసనమే," అని భట్టు రాజువైపు తిరిగాడు. "ఎవరైనా వచ్చి ఫలానా ఇల్లు వదిలెయ్యమంటే?"

"వినకు."

"మంత్రిగారు చెబితే?"

"వినకు."

"తమరే చెబితే?"

రాజు మీసం దువ్వాడు. "నేను చెప్పినా వినకు. శాసనం ముందు రాజైనా ఒకటే, చాపలల్లేదైనా ఒకటే."

సభ భేషంది.

మర్నాడు పొద్దున రాజు పళ్ళు తోముకుంటూ ఉండగా పెరట్లో గునపం చప్పుడైంది. వేపపుల్లతోనే పరుగెత్తాడు.

ఆ పెరట్లో ఒక పాత పాక ఉంది. వంశానికి మూలపురుషుడు మేకలు కాసుకుంటూ బతికింది అందులోనే. పట్టాభిషేకం నాడు కొత్త రాజు కిరీటం తీసి, తల వంచి, ఆ పొట్టి గుమ్మంలో దూరి, అంబలి తాగాకే సింహాసనం ఎక్కాలి. అది వారి ఆచారం.

ఆ పాక మీదెక్కి భట్టు తాటాకు పీకుతున్నాడు. కింద కూలీలు గోడకు గునపం పెట్టారు.

"ఏం చేస్తున్నావురా?"

"కొలిచాను ప్రభూ. నాలుగున్నర మూరలు. నూకాలు ఇంటి కంటే అర మూర తక్కువ. అందుకని దీంతోనే మొదలుపెట్టాను."

"అది మా వంశానికే గర్వకారణం."

"కోడిగూడంత ఇంటికి ఇంత అతిశయమా అని నిన్న సభలో ఎవరో అన్నారు."

"దిగు. నేను చెబుతున్నాను."

"తమరు చెప్పినా వినవద్దన్నారు," అని భట్టు మరో ఆకు పీకాడు.

రాజు తాను ఒకనాడు తల వంచి దూరిన ఆ పొట్టి గుమ్మం వంక చూశాడు. తర్వాత నోట్లోని వేపపుల్ల జారిపడేలా నవ్వాడు.

"శాసనం మారిస్తే దిగుతావా?"

"ఎలా మారుస్తారో విని దిగుతాను."

"నువ్వే చెప్పు."

"పొయ్యి నిప్పు పక్కింటి కప్పుకు అందకూడదు. మురుగు వీధిలోకి రాకూడదు. కప్పు గాలికి లేచిపోకూడదు. వీటికి కొలత పెట్టండి. వెడల్పు ఎవరి కష్టానికి తగ్గట్టు వారిది."

రాజు ఒప్పుకున్నాడు. భట్టు దిగి, పీకిన ఆకును తన చేత్తోనే తిరిగి కప్పాడు. చెడగొట్టిన చెయ్యే బాగుచెయ్యాలి, అది ధర్మం. రాజు తన చేతి కంకణం తీసి అతనికి తొడిగాడు.

పొరుగు రాజు వచ్చిన రోజు మేదినీరాయుడు అతన్ని ముందుగా నూకాలు ఇంటికే తీసుకెళ్ళాడు. గుమ్మం దగ్గర కిరీటం తీసి తల వంచాడు. అతిథికీ తీయక తప్పలేదు.

నూకాలు కొత్త చాప పరిచింది.

"కూర్చోండి మారాజా. ఇద్దరు రాజులకు సరిపోతుంది."