పెన్నగుట్ట గ్రౌండులో కట్టకుండా ఉంచే ముడి

పెన్నగుట్ట జంక్షన్‌లో రైలు దిగి, రెండో గేటు దాటి, పాత లోకో షెడ్డు గోడ వెంట పది నిమిషాలు నడిస్తే ఫుట్‌బాల్ గ్రౌండు వస్తుంది. గ్రౌండుకు పడమటి మూల, నీళ్లు బయటికి పోయే తూము పక్కన ఒక నిమ్మచెట్టు, దాని మొదట్లో నడుమెత్తు రాతికట్ట ఉన్నాయి. దీన్నే కుళ్లాయప్ప కట్ట అంటారు. కట్ట మీద విగ్రహం లేదు. ఒక వెదురుబుట్ట, నిమ్మకాయలు కోసే మడతకత్తి ఒకటి, గోడకు వేలాడే పాత గోలు నెట్టు ముక్క, ఇంతే. నెట్టు నిండా భక్తులు కట్టిన నూలుతాడు ముడులు కనిపిస్తాయి.

ఇక్కడి ప్రసాదం ఉప్పద్దిన నిమ్మముక్క. కొత్తగా వచ్చినవాళ్లు నోట్లో పెట్టుకొని మొహం చిట్లిస్తారు. అలా చిట్లించాలనే పెద్దల ఉద్దేశమని ఇక్కడివాళ్లు అంటారు. ఈ చోటికి వచ్చేవాళ్లు ఎక్కువగా మొక్కులున్నవాళ్లు కారు, మనసులో ముల్లున్నవాళ్లు. కాబట్టి పులుపు తగిందే.

పూర్వం ఇక్కడ కుళ్లాయప్ప అనే గ్యాంగ్‌మన్ ఉండేవాడు. పూర్వమంటే కృతయుగం కాదు. మీటర్ గేజి పట్టాల మీద బొగ్గు ఇంజన్లు నడిచిన రోజులు. పగలంతా పట్టాల వెంట సుత్తి పట్టుకొని నడిచే ఆ మనిషి, ఆట ఉన్న రోజున మాత్రం సెలవు పెట్టి, బుట్టెడు నిమ్మకాయలతో గ్రౌండుకు వచ్చేవాడు. పెన్నగుట్ట గోల్‌కీపరు ఏ వైపు నిలబడితే ఆ వైపు గోలు వెనక కూర్చునేవాడు. విరామంలో నిమ్మకాయలు కోసి, ఉప్పద్ది, ఆటగాళ్లందరికీ పంచేవాడు. ఎదుటి జట్టు గోలు వేస్తే మొహం మాడ్చుకుంటూనే చప్పట్లు కొట్టేవాడు. అదేమని అడిగితే, బాగా కొట్టినారు కదప్పా అనేవాడు. ఇంత వెర్రిబాగుల అభిమాని జిల్లాలో ఇంకొకడు లేడని అందరూ ఆటపట్టించేవాళ్లు. ఆయన రాకపోతే మాత్రం ఆట మొదలైనట్టే అనిపించేది కాదు.

ఆయన పక్కనే తప్పెట పట్టుకొని కూర్చునేవాడు తిప్పేస్వామి. ఇతడు క్యారేజీ షెడ్డులో కూలిపని చేసే ఖలాసీ. కుళ్లాయప్ప కంటే పదేళ్లు చిన్న. గ్రౌండులో ఇతడికి రెండు పనులు. ఒకటి తప్పెట కొట్టడం, రెండు ఆటకు ముందు గోలు నెట్టు చిరుగులు చూసి నూలుతాడుతో ముడులు వేయడం. మొదటిది అందరికీ వినిపించే పని. రెండోది ఎవరికీ కనిపించనిది. తిప్పేస్వామికి దేని మీద ప్రేమ ఎక్కువో వేరే చెప్పనక్కరలేదు. ఇరవై ఏళ్లు ఆ ఇద్దరూ ఒకే గోనెపట్టా మీద కూర్చొని ఆట చూశారు. ఒకే గ్లాసులో టీ పంచుకున్నారు.

ఒక ఏడు వేసవి కప్పు చివరి ఆట పెన్నగుట్టకూ, బుగ్గరాయి గనుల జట్టుకూ పడింది. పదకొండేళ్లుగా పెన్నగుట్టకు కప్పు రాలేదు. ఆ ఉదయం తిప్పేస్వామి నెట్టు చూశాడు. కుడి స్తంభం పక్కన, కింద, జానెడు చిరుగు ఉంది. నూలుతాడు అయిపోయింది. బజారుకు వెళ్లి తేవాలి. అతడి చేతిలో కొత్త తోలు వేయించిన తప్పెట ఉంది. దాన్ని ఎండలో కాచి శ్రుతికి తెచ్చుకోవాలి. జానెడే కదా, ఎవడు చూస్తాడులే అనుకొని తప్పెట దగ్గరికే పోయాడు. కాసేపటికి కుళ్లాయప్ప బుట్టతో వచ్చి అడిగాడు.

"నెట్టు కట్టినావా, తిప్పయ్యా?"

"కట్టినా అన్నా," అన్నాడు తిప్పేస్వామి, తప్పెట మీంచి తల ఎత్తకుండా.

కుళ్లాయప్ప వెళ్లి చూడలేదు. ఇరవై ఏళ్ల స్నేహితుడు కట్టినానంటే చూడవలసిన పనేముంది?

ఆట ముగియడానికి ఐదు నిమిషాలుందనగా రెండు జట్లూ గోలు లేకుండా ఉన్నాయి. బుగ్గరాయి ఆటగాడొకడు కుడివైపు నుంచి నేలబారుగా కొట్టిన బంతి గోల్‌కీపరు కాళ్లను దాటి, స్తంభానికి లోపలగా దూసుకొచ్చి, ఆ జానెడు చిరుగులోంచే బయటికి వచ్చి, కుళ్లాయప్ప బుట్టకు తగిలి ఆగింది. గోలని బుగ్గరాయివాళ్లు చేతులెత్తారు. స్తంభం బయటినుంచి పోయిందని పెన్నగుట్ట మొత్తం అరిచింది. దూరంగా ఉన్న రిఫరీకి తేలలేదు. ఆయన గోలు వెనక్కి నడిచి వచ్చి కుళ్లాయప్పను అడిగాడు. కుళ్లాయప్ప ఒక మాట చెబితే జిల్లాలో ఏ రిఫరీ అయినా నమ్మేవాడు.

కుళ్లాయప్ప బుట్ట దగ్గర ఆగిన బంతిని తీసి రిఫరీ చేతికిచ్చాడు. "గోలే సార్. చిరుగులోంచి వచ్చింది," అన్నాడు. చెబుతున్నప్పుడు ఆయన కళ్లలో నీళ్లు తిరిగాయి. ఆ కప్పు కోసం ఆయన కంటే ఎక్కువ ఎదురుచూసినవాడు పెన్నగుట్టలో లేడు.

ఆట ముగిసింది. కప్పు బుగ్గరాయి లారీ ఎక్కింది. జనం కుళ్లాయప్పను చుట్టుముట్టారు. చిరుగెక్కడిదని అడిగారు. పొద్దున నెట్టు కట్టారు కదా, మరి చిరుగెలా వచ్చిందన్నారు. ఎవడో ఆయన చేతిలో ఉన్న నిమ్మకాయల కత్తి చూపించాడు. అబద్ధపు గోలు చెప్పి, అది నిజం చేయడానికి ఇతడే నెట్టు కోశాడన్నాడు. కోపంలో ఉన్నవాళ్లకు ఆ మాట ఇట్టే నచ్చింది. అయినా ఒకసారి అడిగి తెలుసుకుందామని అందరూ తిప్పేస్వామి వైపు తిరిగారు. పొద్దున నువ్వు నెట్టు కట్టినావా లేదా అన్నారు.

తిప్పేస్వామి ఒక్క మాట అంటే చాలు, కుళ్లాయప్ప పేరు నిలబడుతుంది. ఆ మాట అంటే ఈ గుంపు తన మీద పడుతుంది. కుళ్లాయప్ప అతడి వైపే చూస్తున్నాడు. ఆ చూపులో ఏం ఉందో తరువాత ఎన్నో ఏళ్లు తిప్పేస్వామి ఆలోచించాడు. కోపం మాత్రం లేదు. ఉన్నా బాగుండేదని అతడికి అనిపించేది.

"కట్టినా," అన్నాడు తిప్పేస్వామి.

నువ్వు కట్టలేదు కదా అని కుళ్లాయప్ప ఒక్క మాట అనలేదు. ఎవరో బుట్టను తన్నితే నిమ్మకాయలు గ్రౌండంతా దొర్లాయి. ఆయన వంగి ఒక్కొక్కటే ఏరుకొని, కత్తి మడిచి, వెళ్లిపోయాడు. ఇక గ్రౌండులో అడుగు పెట్టవద్దని పెద్దలు తీర్మానించారు. ఆ తీర్మానానికి చెయ్యెత్తినవాళ్లలో తిప్పేస్వామి కూడా ఉన్నాడు.

ఆ తరువాత మూడేళ్లు కుళ్లాయప్ప ఆటలన్నీ పడమటి గోడ బయట నిలబడి చూశాడు. పాత స్లీపరు దుంగలు నాలుగు పేర్చుకొని వాటి మీద నిలబడేవాడు. గోడ మీద గడ్డం నుంచి పైకి మాత్రమే కనిపించేది. విరామం రాగానే నిమ్మముక్కల బుట్టను తూములోంచి లోపలికి తోసేవాడు. ఒక్కరూ ముట్టుకునేవాళ్లు కారు. తిప్పేస్వామి ప్రతిసారీ ఆ బుట్టను చూసేవాడు. చూసి తప్పెట మరింత గట్టిగా కొట్టేవాడు. ఆట అయ్యాక కుళ్లాయప్ప కర్రతో బుట్టను వెనక్కి లాక్కునేవాడు. ఒలికిన ముక్కలు తూము బురదలో కలిసిపోయేవి.

మూడో ఏడు వానాకాలంలో కుళ్లాయప్ప కామెర్లతో చనిపోయాడు. ఆ రోజు గ్రౌండులో ఆట జరుగుతోంది. గోడ అవతల రోడ్డు మీద పాడె వెళ్తూ ఉంటే పైన కట్టిన పూలు మాత్రం ఇవతలికి కనిపించాయి. ఎవరని తిప్పేస్వామి అడిగాడు. కుళ్లాయప్ప అని పక్కవాడు మెల్లగా చెప్పాడు. పాడె ముందు తప్పెట లేదు. పేటలో ఉన్న ఒక్క మంచి తప్పెట తిప్పేస్వామి ఒళ్లో ఉంది. దాన్ని ఆపితే అందరూ తన వైపు చూస్తారు. అందుకని అతడు ఆపలేదు. పూలు గోడ చివర దాటి కనుమరుగయ్యేదాకా కొడుతూనే ఉన్నాడు. పెన్నగుట్టలో ఎవరు ఏ తప్పు చేసినా దీనికంటే పెద్దది కాదని తిప్పేస్వామి ముసలితనంలో కూడా అనేవాడు.

అప్పటినుంచి అతడు వేసిన ముడి నిలవడం మానేసింది. నెట్టు కడితే సాయంత్రానికి ఊడిపోయేది. తప్పెట తాడు జారిపోయేది. ఒకరోజు షెడ్డులో పెద్ద ఇంజనీరుగారి ఎదుటే పంచె ముడి జారింది. చేతిలో పట్టు తగ్గిందని వైద్యుడు నూనె ఇచ్చాడు. నూనెతో ముడులు ఇంకా తొందరగా జారాయి. దీనికి తోడు, మధ్యాహ్నం భోజనం చేసి కునుకు తీస్తే కుళ్లాయప్ప కలలోకి వచ్చేవాడు. తిట్టడు, ఏడవడు. బుట్ట చంకన పెట్టుకొని, నెట్టు కట్టినావా తిప్పయ్యా అని మామూలుగా అడిగేవాడు. కలలో కూడా తిప్పేస్వామి, కట్టినా అన్నా అనేవాడు. లేచి కూర్చొని, నిద్రలో కూడా నిజం చెప్పలేని తన నాలుకను తనే అసహ్యించుకునేవాడు.

అలా ఉండగా గ్రౌండులో మేకలు మేపుకునే సుంకమ్మ ఒక వింత చూసింది. పచ్చనిది కనిపిస్తే వదలని ఆమె మేకలు పడమటి తూము దగ్గర ఒక మొక్కను మాత్రం ముట్టకుండా చుట్టూ నిలబడుతున్నాయి. ముళ్లున్నాయి కాబట్టి అని కొందరు అంటారు. ఆ మేకలు తుమ్మముళ్లనే నమిలేవని సుంకమ్మ వాదన. ఆమె పిలిస్తే తిప్పేస్వామి వచ్చి చూశాడు. మోకాలెత్తు నిమ్మమొక్క. తాము ముట్టని ముక్కల్లోని గింజ అక్కడ పడి మొలిచిందని అతడికి ఒక్క క్షణంలో అర్థమైంది. అక్కడే బురదలో కూలబడ్డాడు.

అట్నుంచి అటే కుళ్లాయప్ప ఇంటికి పోయాడు. ఆయన భార్య ఈరమ్మ వాకిట్లో జొన్నలు చెరుగుతోంది. తిప్పేస్వామి గడప బయట నిలబడి అంతా చెప్పాడు. ఆమె చేట ఆపలేదు.

"నాకు తెలుసు. ఆ పొద్దే చెప్పినాడు," అంది.

మరి ఆయన ఎందుకు నోరు విప్పలేదని తిప్పేస్వామి అడిగాడు.

"నేనూ అదే అడిగినా. వాణ్ని గూడా తరిమేస్తే గ్రౌండుకు తప్పెట ఉండదు, నెట్టు కట్టే దిక్కు ఉండదు, ఆట ఎట్లా జరుగుతాది అన్నాడు," అని ఆమె మొదటిసారి తలెత్తి చూసింది. "నాకు చెప్పి ఏం లాభం తిప్పయ్యా? తెలిసినదానికి చెప్తే నీకు సులువు. తెలియనోళ్లకు చెప్పు."

ఆ నెలలోనే బుగ్గరాయి జట్టుతో ఆట వచ్చింది. రిఫరీ ఈల వేయబోతుండగా తిప్పేస్వామి తప్పెట కింద పెట్టి గ్రౌండు నడిమధ్యకు నడిచాడు. వందల మంది చూస్తున్నారు.

"ఆ పొద్దు నెట్టు నేను కట్టలేదు. కట్టినానని అబద్ధం చెప్పినా. కుళ్లాయన్నకు తెలుసు. తెలిసీ నన్ను కాపాడినాడు," అన్నాడు.

దెబ్బలు పడతాయని అతడు అనుకున్నాడు. ఒక్కటీ పడలేదు. ఎవరూ అతడి వైపు చూడలేదు కూడా. అందరూ తమ కాళ్ల వైపు చూసుకుంటున్నారు. ఎందుకంటే ఆ బంతి స్తంభానికి లోపలగా పోవడం ఆ వైపు కూర్చున్న ప్రతివాడూ చూశాడు. తిప్పేస్వామి అబద్ధం వాళ్లందరికీ కప్పుకోవడానికి దొరికిన దుప్పటి. దాన్ని ఆ రోజు అందరి మీంచీ ఒకేసారి లాగేసినట్టయింది.

అప్పుడు బుగ్గరాయి కెప్టెను ముందుకొచ్చి, ఇవాళైనా నెట్టు కట్టారా అని అడిగాడు. ఎత్తిపొడుపు కాదు, నిజంగానే అడిగాడు. ముడి నిలవక ఆ రోజు కూడా కుడి స్తంభం పక్కన చిరుగు అలాగే ఉంది.

"కట్టలేదు," అన్నాడు తిప్పేస్వామి. అందరూ చూస్తుండగా వెళ్లి, మోకాళ్ల మీద కూర్చొని ముడి వేశాడు. ఆ ముడి నిలిచింది. ఆటంతా నిలిచింది.

తరువాత పెద్దలు తూము దగ్గర రాతికట్ట కట్టించారు. కుళ్లాయప్ప బుట్ట, కత్తి ఈరమ్మ చేతుల మీదుగా అక్కడికి చేరాయి. తిప్పేస్వామి బతికున్నంత కాలం ఆటకు ముందు, నెట్టు కట్టారా అన్న ప్రశ్నకు జవాబు తనే చెప్పేవాడు. ఇరవై ఆరేళ్లు చెప్పాడు. చివరి ఏడు కూడా చెబుతుంటే చెవులు ఎర్రబడేవని చూసినవాళ్లు అంటారు.

నేటికీ పెన్నగుట్టలో ఆట ఆ ముచ్చట లేకుండా మొదలుకాదు. నెట్టు అంతా ముందే చక్కగా కట్టి, కుడి స్తంభం పక్కన కింద జానెడు మాత్రం వదిలేస్తారు. ఎదుటి జట్టు కెప్టెను, నెట్టు కట్టారా అని అడుగుతాడు. పెన్నగుట్ట అభిమానుల్లో పెద్ద, కట్టలేదు అని అందరికీ వినిపించేలా చెప్పి, అప్పుడు ముడి వేస్తాడు. విరామంలో నిమ్మముక్కలు మొదట ఎదుటి జట్టుకు ఇస్తారు. రోడ్డు మీద పాడె వెళ్తే బంతి ఎవరి కాలి దగ్గరుంటే అక్కడే ఆగుతుంది. తప్పెట గోడ దాటి బయటికి వెళ్లి పాడె ముందు నడుస్తుంది. పాడె ఎవరిదని అడగరు.

కట్టను దర్శించేవారు నూలుతాడు తెచ్చుకోవాలి. ఎవరి విషయంలో అబద్ధం ఆడారో ఆ పేరు పైకి చెప్పి, గోడ మీది నెట్టుకు ముడి వేయాలి. మనసులో చెప్పుకొని వేసిన ముడి తెల్లారేసరికి ఊడిపోతుందని ఇక్కడివాళ్ల నమ్మకం. అలా ఊడి కిందపడిన తాళ్లను సుంకమ్మ మనవరాలు రోజూ ఉదయం ఊడ్చి ఎత్తుతుంది. పైకి చెప్పి కట్టినవాళ్లకు పోయిన మనిషి తిరిగి రాడు, పోయిన కప్పు రాదు. మధ్యాహ్నం కునుకు మాత్రం పడుతుంది. ఆ కునుకులో కుళ్లాయప్ప వచ్చి అడిగితే, కట్టలేదు అన్నా అని చెప్పగలుగుతారు.