కోటయ్య అనని మాట

చిట్టబ్బాయి మాస్టారిని ఏదైనా అడిగితే నోటితో జవాబు చెప్పే అలవాటు ఆయనకి లేదు. అడిగినవాణ్ణి వెంటబెట్టుకుని ఎక్కడికో బయలుదేరేవారు. తోవలో కాళ్ళు పీకి సగంమంది అడిగిందే మర్చిపోయేవారు, మిగిలినవాళ్ళకి జవాబు దొరికేది. కాకినాడలో రెండు గదుల ఇంట్లో ఆయన హాస్యం నేర్పేవారు. నవ్వు నాలుగు విధాల చేటన్న సామెత ఆ గడప తొక్కలేదు గానీ, లోపల పాఠం మాత్రం లెక్కల మేష్టరు చెప్పినంత కటువుగా సాగేది. ఎవరికైనా జోడీగానే నేర్పడం ఆయన పద్ధతి. ఒకడు మాట్లాడతాడు, ఇంకొకడు దెబ్బలు తింటాడు.

ఆ పద్ధతి మీదే సుదర్శనానికి కడుపు మండింది. ఒకనాటి పొద్దున్న తన జోడీ లోవరాజు లేకుండా ఒక్కడే వచ్చి అరుగు మీద కూర్చున్నాడు.

“మీరే న్యాయం చెప్పండి మాస్టారూ. పెళ్ళిళ్ళలో, తీర్థాల్లో గొంతు చించుకునేది నేను. లోవరాజు అనేది ‘ఆయ్’ ఒక్కటేనండి. జనం ఈలలు వేసేది మాత్రం వాడికి. సొమ్మొకడిది, సోకొకడిదీ అన్నట్టుంది. మార్తాండం గారు కోటయ్యని వదిలేశాకే కదండీ అంత పెద్దోరయ్యారు? నేనూ వదిలేస్తే తప్పేంటండి?”

“వాడికి చెప్పావా?”

“ఇప్పుడే చెప్పేసి వచ్చానండి. అన్నం తింటున్నవాడు చెయ్యి కడుక్కుని వెళ్ళిపోయాడు.”

మాస్టారు లోపలికి వెళ్ళి ఉతికిన పంచె కట్టుకొచ్చారు. విశాఖపట్నం పోదాం పదమన్నారు.

ఆ సాయంత్రం అక్కడ సినిమా అవార్డుల పండుగ. దాన్ని నడిపించేది మార్తాండమే. పాత గురువుకి అతను టిక్కెట్లు పంపాడు. మార్తాండం, కోటయ్య ఒకప్పుడు ఆ రెండు గదుల ఇంట్లో నేర్చుకున్నవాళ్ళే. ‘అద్దె ఇల్లు’ అని వాళ్ళ హాస్యపు ముక్క ఒకటి తెలుగు దేశంలో పిల్లాజెల్లాకీ కంఠతా వచ్చు. మార్తాండం ఇంటి యజమాని, కోటయ్య అద్దెకొచ్చినవాడు. కప్పు కురుస్తుంది తెలుసా అంటే ఆయ్, నూతిలో నీళ్ళుండవు సరేనా అంటే ఆయ్. చివరికి యజమాని మీసం దువ్వుకుని, “నేను మంచివాణ్ణేనంటావా?” అంటాడు. అక్కడ కోటయ్య ఏమీ అనడు, చూరుకేసి చూస్తాడు. అతను మాట్లాడనంతసేపూ జనం పొట్ట పట్టుకునేవారు. అప్పుడు చెంపదెబ్బ పడుతుంది, కోటయ్య కింద పడతాడు. జాలిపడి మార్తాండం చెయ్యి అందిస్తే ఆ చెయ్యి పట్టుకుని అతన్నీ కిందికి లాగుతాడు. ముక్క అయిపోతుంది. సినిమాల్లో పైకొచ్చాక మార్తాండానికి ఆ చెయ్యితో పని లేకపోయింది. కోటయ్య మళ్ళీ తీర్థాలకే తిరిగి, కిందటి వానాకాలంలో పోయాడు. చివరి చూపుకైనా మార్తాండం షూటింగు మానుకుని రాలేదు.

పందిట్లో వెలుగులు చూసి సుదర్శనం కళ్ళు చెదిరిపోయాయి. ముందు వరసలో హీరోలు, వాళ్ళ వెనక వాళ్ళని చూసేవాళ్ళు. ఇలాంటి చోట ముందు వరసవాళ్ళని మాటలతో నొప్పి తెలియకుండా గిల్లడం, కెమెరా తమవైపు తిరిగినప్పుడు వాళ్ళు నవ్వడం ఆనవాయితీ. మార్తాండం ఆ పని సొంపుగా చేస్తూ వచ్చాడు. అతనొక్కడే అంత వేదికనీ ఏలడం చూస్తుంటే, తన నిర్ణయం సరైనదేనని సుదర్శనానికి గట్టిగా అనిపించింది. మధ్యలో దీపాలు తగ్గించి, ఆ ఏడాది పోయిన నటుల బొమ్మలు తెర మీద వేశారు. కోటయ్య బొమ్మ వస్తుందని మాస్టారు తెర తెల్లబడేదాకా చూసి కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు.

దీపాలు వెలిగాయి. మార్తాండం చేతిలో కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు.

“మా కోటయ్య బొమ్మ వెయ్యలేదు. అడిగితే టైము లేదన్నారు. నాకిచ్చిన టైము ఉందిగా, అందులోంచి ఇస్తాను.”

నిర్వాహకులు మింగలేక కక్కలేక ఉండిపోయారు. అతను వాళ్ళకేసి చూడకుండా వేదిక మధ్యకి నడిచి, కాస్త పక్కకి జరిగి, ఇంకో మనిషి నిలబడేంత చోటు వదిలాడు. ఆ చోటుకేసి చూసి, “కప్పు కురుస్తుంది, తెలుసా?” అన్నాడు.

పందిరి పందిరంతా “ఆయ్” అంది. హీరోలూ అన్నారు. జనం హుషారెక్కి ప్రతి ప్రశ్నకీ ఆయ్ అందిస్తూనే ఉన్నారు, సుదర్శనం కూడా అరిచాడు. చివరికి మార్తాండం మీసం మీద చెయ్యి వేశాడు.

“నేను మంచివాణ్ణేనంటావా?”

అక్కడ మాట్లాడకూడదని అందరికీ తెలుసు. ఎవరూ మాట్లాడలేదు. మొదట నాలుగు నవ్వులు వినిపించి ఆగిపోయాయి. మార్తాండం ఆ ఖాళీచోటునే చూస్తూ నిలబడ్డాడు. ఆ ముఖంలో ఇంటి యజమాని లేడు. నిజంగానే అడుగుతున్నాడని సుదర్శనానికి తట్టింది.

చాలాసేపటికి మార్తాండం చెయ్యి లేచి గాలిలో ఊగింది. వేదిక పక్కన వాయిద్యాల కుర్రాడు ఏళ్ళ తరబడి ఆ ముక్క విన్న అలవాటు కొద్దీ ఫట్‌మని చెంపదెబ్బ చప్పుడు మోగించాడు. అలవాటు కొద్దీ జనమూ నవ్వారు. మార్తాండం ఆ చప్పుడుకి ఉలిక్కిపడ్డాడు. తర్వాత నెమ్మదిగా వంగి కిందికి చెయ్యి చాచాడు.

లాగేవాడు లేడు. పడతాడని జనం చూస్తున్నారు, అతను పడలేదు, లేవనూ లేదు. వంగిన నడుము, చాచిన చెయ్యి అలాగే ఉన్నాయి. సుదర్శనం ఏడుపు ఆపుకోలేక తువ్వాలు నోటికి అడ్డం పెట్టుకున్నాడు. ఎట్టకేలకి మార్తాండం నిటారుగా నిలబడి, “నవ్వు రాలేదు కదూ? నవ్వించేది వాడండీ,” అని, తరవాతి అవార్డు ఎవరిదో చదివాడు.

కార్యక్రమం అయ్యాక మాస్టారు శిష్యుణ్ణి వేదిక వెనక్కి తీసుకెళ్ళారు. మార్తాండం ముఖం మీది రంగు కూడా తుడుచుకోకుండా ఒక పెట్టె మీద కూర్చుని ఉన్నాడు. గురువుని చూసి లేచి కాళ్ళకి దణ్ణం పెట్టాడు.

“ఎలా ఉందండి మాస్టారూ?”

“చెయ్యి మరీ అంతసేపు చాచకూడదురా,” అన్నారు మాస్టారు.

“తెలుసండి. అందుకుంటాడేమోననిపించింది.”

మాస్టారు అతని భుజం మీద చెయ్యి వేసి కాసేపు ఉన్నారు. బయటికి వచ్చాక సుదర్శనం బస్సుల వైపు నడవడం మాని, ఒక గోడ పక్కకి వెళ్ళి లోవరాజుకి ఫోను చేశాడు. అది మోగి మోగి ఆగిపోయింది. ఇంకోసారి చేశాడు, మళ్ళీ అంతే.

“ఎత్తట్లేదండి,” అన్నాడు.

“అలిగాడన్నమాట,” అన్నారు మాస్టారు. “అదృష్టవంతుడివి. మళ్ళీ చెయ్యి.”