ఈతమొద్దు

ఆ పొద్దు బుచ్చిరాములు పొయ్యి రాజేయలేదు. ముత్తవ్వ నడిపే మఠంలో వంట అతనిదే. ఎవరొచ్చినా, ఏ కులమైనా, ఒకే బంతిలో కూర్చోబెట్టి అంబలి పోసే చెయ్యీ అతనిదే.

"రేపటికి కులానికో బంతి విడదీయకుంటే నిన్ను ఊరు దాటిస్తనన్నడమ్మా దొర. ఒక్క మెట్టు దిగరాదా? నువ్వు పోతే మేమంతా ఈ వేపలెక్క ఎండిపోతం," అన్నాడు ముత్తవ్వతో.

వాకిట్లో వేప మోడై నిలబడి ఉంది. నిరుడు దొర మనుషులు మొదలు దగ్గర చుట్టూతా దాని తొక్క ఒలిచేశారు. బుచ్చిరాములు ఆ గాయానికి పేడా మట్టీ మెత్తి, ఎండాకాలమంతా నీళ్ళు మోశాడు. బతకలేదు.

ముత్తవ్వ గొడ్డలి అతని చేతికిచ్చి వాగు గట్టుకు నడిచింది. అక్కడొక ఈతచెట్టు. ఏటేటా కల్లు గీసిన గాట్లు, అటొకటి ఇటొకటి, కింది నుంచి పైదాకా. నెత్తిన మాత్రం పచ్చటి మట్టలు.

"ఇన్ని గాట్లు తిని ఇదెట్ల బతికింది, నాయనా?"

"మొండిదమ్మా."

"మొండితనం ఎక్కడుంటదో చూడు."

పక్కనే మొన్నటి గాలికి కూలిన ఈతమొద్దును అడ్డంగా నరికించింది. గట్టు మీది మరో వేప నుంచి ఒక పచ్చి కొమ్మనూ నరికించి పక్కన పెట్టింది. వేపలో తొక్కనంటి ఉంగరంలా ఒక్క తడి వరస. ఈతలో దుక్కిలో చల్లిన నువ్వుల్లా నిండా చుక్కలు, ఒక్కో చుక్కా ఒక్కో నార.

"ఈ ఈతకు నీరు నడిచే దారేది?"

బుచ్చిరాములు బొటనవేలితో అంచున నొక్కాడు. తడి. నడుమ నొక్కాడు. అక్కడా తడే.

"అంతటా ఉందమ్మా."

"ఇగ పోయి అంబలి కాయి."

మర్నాడు దొర కర్రల మనుషులతో వచ్చాడు. బంతి ఒక్కటే ఉంది. బంతి మొదట్లో ముత్తవ్వ రోజూ కూర్చునే చోటు ఖాళీ. చెప్పులు కుట్టే రాజలింగానికీ, దొర బట్టలుతికే మల్లవ్వకూ మధ్య, అందరిలాగే తల వంచి ఆమె అంబలి తాగుతోంది.

"ఏదిరా ఆ ముసల్ది? ముందుగాల దాన్ని లేపుండ్రి!"

బుచ్చిరాములు చివరి దొప్ప నింపాడు. గంటె కింద పెట్టాడు. ఎప్పుడూ అందరూ తిన్నాకే తినేవాడు, ఆ పొద్దు బంతి నడుమ చోటు చేసుకుని కూర్చున్నాడు.

"బంతిలనే ఉంది దొరా. ఎక్కడ గీస్తవో గీయి."

ఎవరూ తలెత్తలేదు. అంబలి జుర్రే చప్పుడొక్కటే, ఈ కొస నుంచి ఆ కొసదాకా.