మూడు బండల దారి

చండ్రకోన అడవిలో ఎలుగుబంట్లు ఉండేవి. ఏదుపందులు, నెమళ్ళు, చిరుతలు, అడవిపిల్లులు కూడా ఉండేవి. కోనకు ఆవలి వాలు నిండా ఇప్పచెట్లు. ఎండలు ముదిరే ముందు అవి పూలు రాల్చేవి. తెల్లారేసరికి అడవంతా తియ్యటి వాసన వేసేది.

ఎలుగుబంట్లకు ఒక అలవాటుంది. పులి తన పిల్లను నోట కరుచుకుని పోతుంది. లేడి వెంట నడిపిస్తుంది. ఎలుగుబంటి తల్లి మాత్రం పిల్లను వీపున ఎక్కించుకుంటుంది. పిల్ల ఆ జూలు గట్టిగా పట్టుకుంటే చాలు, చిరుత కూడా దగ్గరికి రాదు. కానీ ఆ భోగం కొన్ని నెలలే. పిల్ల బరువెక్కిందంటే ఇక దిగాల్సిందే. అందుకే చండ్రకోనలో ఏ ముసలి ఎలుగును కదిపినా, తల్లి వీపు మీద ఇప్పవాలుకు పోయిన ఆ ఒక్క ప్రయాణం గురించే చెప్పేది.

గుబురమ్మ అనే ఎలుగుబంటి కూడా అంతే. రోజూ తన కూతురు మిరియానికి అదే కథ. మిరియం నల్లగా, గుండ్రంగా, పేరుకు తగ్గట్టే ఉండేది.

"మా అమ్మ వీపు ఎంత వెచ్చగా ఉండేదనుకున్నావు. మట్టి వాసన, తేనె వాసన కలిసి వచ్చేవి. దారిలో మూడు పెద్ద బండలున్నాయి. ఒక్కో బండ మీద నన్ను దించి, అదిగో నెమలి చూడు, అదిగో వాగు చూడు అని చూపించేది."

"నన్నెప్పుడు తీసుకెళ్తావు?"

"పూలు రాలనీ. మా అమ్మ ఒక్కనాడైనా నడుము నొప్పని మూలగలేదు. నేను ఆమె కూతురిని."

గుబురమ్మకు తన నడుమంటే అంత గొప్ప. పొద్దున చెదపుట్ట దగ్గర వంగిందంటే సాయంత్రం దాకా తల ఎత్తకుండా తవ్వేది. తోటి ఎలుగులు మధ్యమధ్యలో లేచి అటూ ఇటూ తిరిగితే నవ్వేది.

"మీవి నడుములా, నానిన పుల్లలా?" అనేది.

ఒకరోజు సాయంత్రం పుట్ట తవ్వి లేవబోయింది. నడుము లేవలేదు. కత్తితో పొడిచినట్టయింది. పాక్కుంటూ గుహ చేరింది.

పొరుగున ఉండే ఏదుపంది ముళ్ళయ్య చూడవచ్చాడు.

"కదలకు గుబురమ్మా. కదిలితే పుటుక్కున విరుగుతుంది. మా బాబాయికీ ఇలాగే పట్టేసింది. కదలకుండా పడుకున్నాడు."

"తగ్గిందా మామా?"

"ఏమో, ఇంకా లేవలేదు."

గుబురమ్మ ఆ మాటే పట్టుకుంది. పది రోజులు గుహలో అలాగే పడుకుంది. మొదట మంటగా ఉన్న నడుము తర్వాత కొయ్యలా బిగుసుకుపోయింది. మిరియం గుహ ముందే తిరుగుతూ రేగుపళ్ళు ఏరుకుని తినేది. ఒక ఉదయం గుమ్మం దగ్గర చిరుత అడుగులు కనిపించాయి.

ఆ రోజు మిరియం భయపడి తల్లి వీపు ఎక్కబోయింది. గుబురమ్మ కెవ్వుమంది. మిరియం వెంటనే జారి దిగింది.

"నేను లావయ్యానా అమ్మా?" అని మెల్లగా అడిగింది.

గుబురమ్మ పంజాతో కూతురిని దగ్గరికి లాక్కుంది. ఇంకొన్ని వారాలు పోతే మిరియం నిజంగానే వీపున పట్టదు. తన చిన్నతనంలోని ఏ ముచ్చటను తలచుకుని బతుకుతోందో, ఆ ముచ్చట కూతురికి లేకుండానే పోతుంది.

ఆ మధ్యాహ్నమే చారలవ్వకు కబురు పెట్టింది. చారలవ్వ ముసలి అడవిపిల్లి. వయసులో ఉన్నప్పుడు మద్దిచెట్టు మీంచి పడి, నడుము దెబ్బతిని, ఏడాదిపాటు కాళ్ళు ఈడ్చుకుంటూ నడిచింది. ఇప్పుడు అదే చెట్టు ఎక్కి దూకుతోంది.

"ఎముక జరిగిందా అవ్వా?"

"ఎముక ఎక్కడికి జరుగుతుంది, పేరంటానికి పోతుందా? ముందు లేచి నాలుగడుగులు వెయ్యి, చూస్తాను."

"కదిలితే విరుగుతుందట. ముళ్ళయ్య మామ చెప్పాడు."

"వాళ్ళ బాబాయి లేచాడా?"

"లేదు."

"నేను లేచానా?"

"లేచావు."

"మరి సాక్ష్యం ఎవరి వైపుంది?"

గుబురమ్మ మూలుగుతూ లేచి నడిచింది. చారలవ్వ వెనక నిలబడి చూసింది. అటు వంగమంది, ఇటు తిరగమంది. తొడలు పంజాతో నొక్కి చూసింది.

"కాళ్ళు మొద్దుబారుతున్నాయా? జ్వరం గాని వస్తోందా?"

"లేదవ్వా."

"అవి ఉంటే వేరే సంగతి. నీ నడుము విరగలేదు, అలిసిపోయింది. రోజంతా ఒకే వంపులో ఉండి తొడలు బిగుసుకున్నాయి. పొట్ట కండరాలు బద్ధకించాయి. ముగ్గురు మోయాల్సిన బరువు నడుమొక్కటే మోస్తోంది. పాపం, ఏడుస్తున్నదీ అదే, తిట్లు తింటున్నదీ అదే."

"మందేమిటి?"

"కదలడం. కొద్దికొద్దిగా, రోజూ."

చారలవ్వ ఎండకు కాగిన బండ మీద ఆమెను వెల్లకిలా పడుకోబెట్టింది. వెచ్చదనానికి కండ కాస్త వదులైంది. మోకాళ్ళు పొట్ట దాకా లాక్కోమంది. తర్వాత నాలుగు కాళ్ళ మీద నిలబడి, వీపును విల్లులా పైకి వంచి, మెల్లగా దించమంది.

"ఇంత ఎలుగును, పిల్లిలా ఒళ్ళు విరుచుకోవాలా? మా అమ్మ చూస్తే నవ్వేది."

"నవ్వేదో లేదో తర్వాత చూద్దాం. పైకి వంచు. కాస్త సలిపితే సాగనీ. కాల్లోకి జివ్వున పాకితే మాత్రం ఆపెయ్."

పక్కనే మిరియం కూడా వీపు వంచబోయి బోర్లా పడింది. పది రోజుల తర్వాత గుబురమ్మ అప్పుడే నవ్వింది.

తర్వాత నడక. మొదటి రోజు మద్దిచెట్టు దాకా. మర్నాడు ఇంకో చెట్టు దాకా. ఎనిమిదో రోజుకు వాగు దాకా పోయి వచ్చింది. నొప్పి దాదాపు పోయింది. ఆ సాయంత్రమే గాలిలో తొలి ఇప్పపూల వాసన వచ్చింది.

ఇక్కడే గుబురమ్మ బుద్ధి గడ్డి తిన్నది. తగ్గిపోయాక ఈ గారడీ ఎందుకనుకుంది. మర్నాడు ఒళ్ళు విరుచుకోలేదు. పెద్ద పుట్ట దగ్గరికి పోయి, పాత పద్ధతిలోనే పొద్దుగూకే దాకా వంగి తవ్వింది.

నడుము మళ్ళీ పట్టేసింది.

రెండు రోజుల తర్వాత తోటి తల్లులు గుహ ముందు నుంచి ఇప్పవాలుకు బయల్దేరారు. అందరి వీపుల మీదా పిల్లలు. మిరియం గుమ్మంలో కూర్చుని చివరి ఎలుగు మలుపు తిరిగే దాకా చూసింది. ఏమీ అడగలేదు. ఆ అడగకపోవడమే గుబురమ్మను నొప్పి కంటే ఎక్కువ పొడిచింది.

చారలవ్వ వచ్చింది. తిట్టలేదు. "మళ్ళీ మద్దిచెట్టు దగ్గర్నుంచి మొదలు" అంది.

ఈసారి గుబురమ్మ వాదించలేదు. పొద్దునా సాయంత్రం వీపు వంచింది, దించింది. పుట్ట దగ్గర కాసేపు తవ్వి, లేచి తిరిగి, మళ్ళీ తవ్వడం నేర్చుకుంది. మిరియం ఎక్కేటప్పుడు కింద కూర్చుని, కాళ్ళ బలంతో లేవడం నేర్చుకుంది.

ఇప్పపూలు అయిపోవస్తున్న రోజుల్లో చారలవ్వ సరేనంది.

"మోసుకెళ్ళు. కానీ ఒక్క ఊపున కాదు. నడుము బిగుసుకోకముందే దించు."

తెల్లవారగానే తల్లీకూతుళ్ళు బయల్దేరారు. మిరియం రెండు పిడికిళ్ళతో జూలు పట్టుకుంది. "వెచ్చగా ఉందమ్మా" అంది.

మొదటి బండ వచ్చేసరికి గుబురమ్మ నడుము బరువెక్కింది. పిల్లను దించింది. అలిసిపోయానని చెప్పడానికి నామోషీ వేసింది.

"అదిగో, నెమలి చూడు" అంది.

ఆ మాట నోట్లోంచి వచ్చాక గుబురమ్మ అలాగే నిలబడిపోయింది. అది అచ్చం తన తల్లి గొంతు. అదే బండ, అదే మాట. తను నెమలిని చూస్తున్నప్పుడు వెనక అమ్మ ఏం చేసేది? చెట్టుకు వీపు ఆనించి రుద్దుకునేది. నాలుగు కాళ్ళ మీద నిలబడి, వీపును విల్లులా పైకి వంచి, మెల్లగా దించేది. అమ్మ ఆడుకుంటోందని తను అనుకునేది.

నడుము నొప్పని మూలగని అమ్మ మూడు బండల దగ్గరా ఆగింది. ఆగింది కాబట్టే మూలగలేదు.

గుబురమ్మ కళ్ళు చెమ్మగిల్లాయి. మెల్లగా వీపు పైకి వంచింది. నెమలి వైపు నుంచి మిరియం తల తిప్పింది.

"ఏం చేస్తున్నావమ్మా?"

మళ్ళీ నెమలి వైపు చూపించి తప్పించుకోవచ్చు. గుబురమ్మ అలా చేయలేదు.

"నడుము సాగదీస్తున్నాను తల్లీ. నొప్పి రాకముందే. మీ అమ్మమ్మా ఇక్కడే చేసేది, నాకు చెప్పలేదంతే. నువ్వు దగ్గరికొచ్చి చూడు, రేపు నీకూ పనికొస్తుంది."

మిరియం పక్కన నిలబడి వీపు వంచింది. ఈసారి పడలేదు.

మూడు బండల దగ్గరా ఆగి, మధ్యాహ్నానికి ఇప్పవాలు చేరారు. పూలు కొన్నే మిగిలాయి, అవీ వాడిపోయాయి. తీపి మాత్రం తగ్గలేదు.

నీతి: పట్టేసిన నడుముకు పడక మందు కాదు, మొండితనం అసలే కాదు, రోజూ కొద్దికొద్దిగా కదిలి, అలసట రాకముందే ఆగడం తెలిసినవారే దూరం మోస్తారు.