వాయుకేతు ఎందుకు కొట్టలేదు

బసవలింగం గారిని ప్రశ్న అడిగినవాడికి ఆ పూటే జవాబు దొరికిన దాఖలా లేదు. అడిగింది ఇంకోసారి చెప్పించుకుంటారు, వక్కపలుకొకటి బుగ్గన పెట్టుకుంటారు, "చూద్దాంలే" అని అటు తిరిగి పడుకుంటారు. మర్నాడు వీధిలో ఏదో ఒకటి జరుగుతుంది. ఆ జరిగిందే జవాబు. అర్థమైనవాడికి అర్థమైనంత, కానివాడి ఖర్మ.

ఆయన పగటివేషాల గురువు. ఆయన మేళం ఏడాదికోసారి ఊళ్ళోకి దిగుతుంది. రోజుకో వేషం. ఒకనాడు ఫకీరు, ఒకనాడు పాములవాడు, ఒకనాడు సోమయాజులూ ఆయన సోమిదేవమ్మా. పట్టపగలు, తెర ఉండదు, చూసేవాళ్ళు మూరెడు దూరంలో నిలబడి కళ్ళల్లో కళ్ళు పెట్టి చూస్తుంటారు. ఉన్నన్నాళ్ళూ ఎవర్నీ ఏమీ అడగరు. చివరినాడు మాత్రం మామూలు పంచెలతో గడపగడపకీ వచ్చి, ఇన్నాళ్ళూ వచ్చిపోయింది మేమేనమ్మా అని చెప్పుకుని, ఊరు పెట్టింది పుచ్చుకుని వెళ్తారు. ఆ చివరినాటి దాకా నడివీధిలో వేషం విప్పకూడదు. కొంప అంటుకున్నా సరే, ఫకీరు ఫకీరుగానే నీళ్ళు మొయ్యాలి తప్ప వేషగాడిగా మొయ్యకూడదు. వాళ్ళ విద్యకి అదొక్కటే నియమం, తక్కినవన్నీ మర్యాదలు.

ఆ నియమాన్ని శంభులింగం తప్పాడు. తప్పింది కూడా ఎవరి కోసమనుకున్నారు? ఒక సినిమా హీరో కోసం.

శంభులింగం గురువుగారి దగ్గర చిన్నప్పట్నుంచీ ఉన్నవాడు. ఇరవయ్యారేళ్ళు నిండాయి గానీ సొంత వేషమంటూ లేదు. ఎప్పుడూ ఎవరో ఒకరి పక్కన సోమిదేవమ్మగానో సింగిగానో తిరగడమే. నిరుడు "వాయుకేతు" అనే సినిమా వచ్చింది. గాలిలో ఎగిరే వీరుడు, ఒంటిచేత్తో రైలాపుతాడు, మునిగిపోయే ఊళ్ళని పైకి లాగుతాడు. శంభు అది చూసొచ్చి నిద్రపోలేదు. వెదురు బద్దలు వంచి బేగడ కాగితం అంటించి రెక్కలు చేశాడు. పాత పట్టుచీర చింపి వీపున వేలాడే వస్త్రం కుట్టాడు, కళ్ళకి అట్టముసుగు కోశాడు, బనీను నీలిరంగులో ముంచాడు. గురువుగారు అటూ ఇటూ తిప్పి చూసి, జనం ఎరిగినవాడైతే వాడూ వేషమేలే అన్నారు. ఆ ఏడు శంభు ఏ ఊళ్ళో కాలు పెడితే ఆ ఊళ్ళో పిల్లలు వెంటపడ్డారు, ముసలమ్మలు దిష్టి తీశారు. పుట్టి బుద్ధెరిగాక వాడికి దక్కిన మొదటి సొంత ముఖం అది.

ఈ ఏడు రెండో భాగం వచ్చింది. వచ్చి కొంపలు ముంచింది.

అందులో చివర్న అగ్నిముఖుడనే శత్రువు, నగరం నగరమంతా చూస్తుండగా, వాయుకేతుని కొడతాడు. మళ్ళీ కొడతాడు. మళ్ళీ కొడతాడు. రైలాపిన మనిషి చేతులు కిందికి దించుకుని అలాగే నిలబడతాడు. చెయ్యెత్తడు. ఎందుకెత్తలేదో సినిమా తీసినాయన ఒక్క ముక్క చెప్పించలేదు. శత్రువు అలిసిపోతాడు, ఆట ముగుస్తుంది, దీపాలు వెలుగుతాయి. ఇంకేముంది, ఊళ్ళు రెండుగా చీలాయి. చేతకాక ఊరుకున్నాడని సగం మంది, అదేరా మగతనమని సగం మంది. టీకొట్లో బెంచీలు కూడా చెరో పక్కకి జరిగాయి.

శంభుకి మాత్రం ఆ నిలబడ్డ మనిషిని చూస్తే ఏడుపొచ్చింది. ఎందుకో తెలీదు, వచ్చింది. అందుకే ఎవరు ఒక మాటన్నా వాడికి ఒంటిమీద కారం చల్లినట్టుండేది.

మేళం పొగాకు పండే ఒక ఊళ్ళో దిగింది. పనిలేని కాలం గనక ఊరి చివర పొగాకు ఆకు కాల్చే బ్యారన్ కొట్టమొకటి ఖాళీగా ఉంటే అందులో మకాం పెట్టారు. వాయుకేతు వేషం కట్టిన రోజున శంభు బజార్లోకి రాగానే ఏడుకొండలు అడ్డం తగిలాడు. ఏడుకొండలుది పంక్చర్ల కొట్టు. మనిషి భారీ, గొంతు అంతకంటే భారీ. మొదటి భాగం వచ్చినప్పుడు కటౌటుకి కుండెడు పాలు పోసినవాడు. అలాంటివాడి మనసు విరిగితే ఎలా ఉంటుందో చెప్పక్కర్లేదు. దెబ్బలు తినొచ్చిన వీరుడికి టైర్లకి గాలి కొట్టే పనైనా ఇస్తాను, చేతులు ఆడితే రమ్మన్నాడు. శంభు రెక్కలు ఊపి నవ్వి ముందుకి పోబోయాడు. పోనివ్వలేదు. ఎందుకు కొట్టలేదో చెప్పి కదలమన్నాడు.

అప్పుడు చేశాడు శంభు ఆ పాడుపని. ముసుగు ఊడదీసి చంకలో పెట్టుకుని వాదనకి దిగాడు. వాయుకేతు వెనక ఆస్పత్రి ఉందనీ, అతను చెయ్యి విసిరితే ఆ గాలికి అద్దాలన్నీ పగిలి రోగుల మీద పడేవనీ అన్నాడు. ఆస్పత్రి ఎడమ పక్కనుంది, మళ్ళీ పోయి చూసి రమ్మన్నాడు ఏడుకొండలు. మొదటి భాగంలో తల్లికిచ్చిన మాటుందన్నాడు శంభు. ఆ మాట అబద్ధం ఆడనని గానీ కొట్టనని కాదన్నాడు ఏడుకొండలు. శత్రువు కళ్ళల్లో నీళ్ళు చూసి జాలిపడ్డాడన్నాడు శంభు. గ్లిజరినన్నాడు ఏడుకొండలు. ఇద్దరూ ఒకరి చొక్కా ఒకరు పట్టుకున్నారు. అంటే శంభు చొక్కా పట్టుకున్నాడు, ఏడుకొండలు బనీను పట్టుకున్నాడు. ఎడమ రెక్క బద్ద విరిగింది. జనం విడదీసేసరికి, వాళ్ళమ్మ చంకనున్న చిన్నపిల్ల ఒకతి శంభు ముఖంలోకి చూసి, వాయుకేతు కాదు, ఎవరో మామయ్య, అని బావురుమంది.

చొక్కా పట్టుకున్నందుకు శంభు బాధపడలేదు. ఆ ఏడుపు మాత్రం వాణ్ణి బ్యారన్ దాకా తరిమింది.

సాయంత్రం మేళంలో పెద్దవాడు చెన్నమల్లు తేల్చి చెప్పాడు. ఈ సినిమా వేషం మూన్నాళ్ళ ముచ్చటని ముందే అనుకున్నాననీ, రేపట్నుంచి దాన్ని మూటగట్టి చూరులో పెట్టి శంభు మళ్ళీ చీరే కట్టుకోవాలనీ, లేకపోతే చివరినాడు ఈ ఊళ్ళో ఏ గడపా తెరుచుకోదనీ అన్నాడు. తక్కినవాళ్ళు తలలూపారు. గురువుగారు ఓ పక్కన చాప పరుచుకుంటున్నారు. శంభు కంచం పక్కకి నెట్టాడు. ఉన్న ఒక్క ముఖమూ పోతోంది మరి. అన్నం ముందునుంచి లేచి వచ్చి ఆయన కాళ్ళ దగ్గర కూర్చుని అడిగాడు.

"గురువుగారూ, మనం కట్టిన మనిషిని జనం తప్పుపడితే, ఆ మనిషి తరఫున ఏమని చెప్పాలి?"

ఆయన మళ్ళీ చెప్పించుకున్నారు. వక్కపలుకు బుగ్గన పెట్టుకున్నారు. "చూద్దాంలే" అన్నారు.

తెల్లారి శంభు ముఖం కడుక్కుని వచ్చేసరికి గురువుగారు నీలం బనీను తొడుక్కుంటున్నారు. డెబ్బైకి దగ్గర పడిన మనిషి. బనీను బొజ్జ మీదికి సగం దాకా వచ్చి ఇక రానని మొరాయించింది. చెన్నమల్లు తువ్వాలు నోట్లో కుక్కుకున్నాడు. ఆయన తాపీగా ముసుగు కట్టుకున్నారు, విరిగిన రెక్కకి నవారు ముక్క చుట్టుకున్నారు. శంభు చేతికి కంచు తాళాలిచ్చి, వెనకే తాళం వేస్తూ రమ్మన్నారు, ఏం జరిగినా నోరు మాత్రం విప్పవద్దన్నారు.

బొజ్జ వాయుకేతు బజార్లో నడుస్తుంటే ఊరు ఊరంతా నవ్వింది. నవ్వదా మరి. షాపుల్లోంచి వచ్చి చూశారు, డాబాలెక్కి చూశారు. ఆయన ఆ నవ్వుల మధ్యనుంచి అంబారీ మీద వెళ్తున్నట్టు వెళ్ళారు. కాసేపయ్యాక శంభుకి ఒక వింత తోచింది. ఆయన బొజ్జ కనిపించడం మానేసింది. ఎగిరి ఎగిరి అలిసిన మనిషి నేల మీద నడిస్తే ఇలాగే నడుస్తాడనిపించింది. నిన్న తాను ఒక్కసారైనా ఇలా నడిచానా అనుకున్నాడు.

ఆయన తిన్నగా పంక్చర్ల కొట్టు ముందుకి వెళ్ళి నిలబడ్డారు.

ఏడుకొండలు తొట్టి నీళ్ళల్లో ట్యూబు ముంచి బుడగలు చూసుకుంటున్నాడు. తలెత్తి చూసి, రాత్రికి రాత్రే ముసలాడివైపోయావే, దెబ్బలు బాగా తగిలినట్టున్నాయని ఎకసెక్కమాడాడు. ఆ రోజు చేతులకేమైందని నిన్నటి ప్రశ్నే మళ్ళీ అడిగాడు. గురువుగారు పలకలేదు. ఏడుకొండలు దోసెడు నీళ్ళు తీసి ముఖాన కొట్టాడు. జనం గొల్లున నవ్వారు. ఆయన కళ్ళు ఆర్పి మళ్ళీ తెరిచి అలాగే నిలబడ్డారు. ఈసారి మగ్గుతో విసిరాడు. బేగడ ఊడి కిందపడింది, పట్టు వస్త్రం కాళ్ళకి చుట్టుకుంది. శంభుకి ఒళ్ళు మండిపోయింది. తాళాలు పారేసి మీద పడదామనుకున్నాడు. ఆయన కొంచెంగా తల తిప్పి వీడి వైపు చూశారు. ఆ ముసుగు వెనక కళ్ళు గురువుగారివిలా లేవు. శంభు తాళం వేస్తూనే ఉన్నాడు.

ఏడుకొండలుకి పంతం పెరిగింది. చెయ్యెత్తాడు. ఆయన చేతులు రెండూ కిందికి దించి, ముఖం కొంచెం పైకెత్తి, వాడి కళ్ళల్లోకి చూశారు. కోపం లేదు. బతిమాలడం లేదు. నువ్వెంత సేపు కొడితే అంత సేపు ఇక్కడే ఉంటానన్నట్టు, చుట్టం వైపు చూసినట్టు చూశారు. నవ్వేవాళ్ళు ఒక్కొక్కరే నవ్వడం ఆపేశారు. ఏడుకొండలు చెయ్యి ఎత్తింది ఎత్తినట్టే ఉండిపోయింది.

సరిగ్గా అప్పుడు బండి మీద వచ్చిన పొరుగూరి కుర్రవాడొకడు, ముందు సంగతేమీ తెలీనివాడు, బండి ఆపి పళ్ళికిలించాడు. ఏంటన్నా, మీ ఊరి వాయుకేతుకి ఒక్క దెబ్బ కొట్టే దమ్ము లేదా, అన్నాడు.

ఏడుకొండలు గిరుక్కున తిరిగాడు.

"నోరు ముయ్యరా! కొట్టలేక కాదు. ఆయన కొడితే నేను ఊరుకుంటానా? మళ్ళీ కొడతాను. నా తమ్ముడొస్తాడు, ఆయన మనుషులొస్తారు. ఎక్కడో ఒకచోట ఆగాలా వద్దా? ఆయన దగ్గర ఆగిందిరా."

అన్నాక తన గొంతు తనకే వినపడ్డట్టుంది. ఎత్తిన చెయ్యి దించి పంట్లాముకి తుడుచుకున్నాడు.

అక్కడితో ఊరుకుంటే అది బజారెందుకవుతుంది. ఎదురుగా బజ్జీలు వేసే రత్తమ్మ గరిటె పట్టుకునే లేచింది. అదేం కాదు, కొట్టేవాడు కూడా ఒక తల్లి కన్నవాడే గదా, ఆ తల్లి జనంలో ఉందేమోనని ఊరుకున్నాడంది. నిన్నటిదాకా చేతకానివాడన్నది ఆవిడే. దర్జీ కొట్టులోంచి ఇంకొకాయన వచ్చి, బలం ఉన్నవాడికే ఓపిక ఉంటుంది, బలం లేనివాడే తొందరపడతాడన్నాడు. కొట్టకపోతేనే వాడు అలిసిపోతాడు, అది యుద్ధంలో కిటుకన్నాడు టీకొట్టాయన. పొరుగూరి కుర్రవాడు పాపం బండి దిగి, తానూ సినిమా చూశాననీ, బహుశా ఆ క్షణంలో వాయుకేతుకి తన మీద తనకే భయం వేసిందేమోననీ మెల్లగా అన్నాడు. అది విని అందరూ నిజమే సుమా అన్నారు. మళ్ళీ వెంటనే కాదన్నారు. నిన్న రెండుగా ఉన్న ఊరు ఇవాళ ఇరవై ముక్కలైంది గానీ, అందరూ ఒకే మనిషిని మోస్తున్నారు. శంభుకి నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. తాళం తప్పింది. ఎవరూ పట్టించుకోలేదు.

గురువుగారు తడిసిన రెక్కలు ఒక్కసారి విదిలించారు. నీళ్ళు అందరి మీదా పడ్డాయి. రత్తమ్మ చేతిలోంచి వేడి బజ్జీ ఒకటి అందుకుని, ఒంటిచేత్తో రైలాపినంత ఠీవిగా నోట్లో వేసుకుని, ఎగురుతున్నట్టు రెండడుగులు వేసి సందు మలుపు తిరిగిపోయారు. వెనకనుంచి ఈలలు మోగాయి. అందరికంటే పెద్ద ఈల ఏడుకొండలుది.

సాయంత్రం బ్యారన్ ముందు శంభు రెక్కలు ఆరబెట్టి, ఊడిన చోట కొత్త బేగడ అంటిస్తున్నాడు. రేపు ఆ వేషం నువ్వే కట్టాలని గురువుగారు వస్తూ వస్తూనే చెప్పారు. చెన్నమల్లు మైదాజిగురు ఉడికించి తెచ్చి పక్కన పెట్టాడు. శంభు పట్టరాని సంతోషంతో ఉన్నాడు. ఒళ్ళు తుడుచుకుంటున్న గురువుగారి దగ్గరికి వెళ్ళి, ఇవాళ తానొక్క మాటా ఆడకుండా ఎంత నేర్చుకున్నాడో చెప్పుకొచ్చాడు. కానీ మనసులో ఒక్కటి మిగిలిపోయింది. అడక్కుండా ఉండలేకపోయాడు.

"ఏడుకొండలు ఒకటన్నాడు, రత్తమ్మ ఒకటంది, నిన్న నేను మూడు చెప్పాను. అసలు వాయుకేతు ఎందుకు కొట్టలేదు గురువుగారూ?"

ఆయన ఈసారి వక్కపలుకు కోసం చూడలేదు. తువ్వాలు దండెం మీద ఆరేసి, వెంటనే చెప్పారు.

"నేనా సినిమా చూడలేదురా శంభూ. రేపు వేషం విప్పాక మొదటాటకి తీసుకుపో. ఎందుకు కొట్టలేదో నాకూ తెలుసుకోవాలనుంది."