నత్తమ్మ తెగని ముగ్గు

ఒకప్పుడు నత్తకు ఇల్లు లేదు. ఇప్పుడు దాని వీపు మీద కనిపించే గుల్ల అప్పుడు లేదు. బోడి వీపుతో, మెత్తటి ఒంటితో గట్టు మీద గబగబా తిరిగేది. అవును, గబగబా అనే అన్నాను. ఆ రోజుల్లో నత్తతో పందెం వేసి చీమలు ఓడిపోయేవి. మీరు నవ్వితే నవ్వండి, నేను మాత్రం మాట మార్చను.

ఆ గట్టు రెండు వరిమళ్ల మధ్య ఉండేది. దాని నిండా ఇళ్లే. పైన ఎర్రచీమల పుట్ట, మధ్యలో ఎండ్రకాయ బొరియ, అడుగున తడిలో కప్ప గుంట. అందరికీ గడపలున్నాయి. నత్తమ్మకే లేదు. ఇవాళ తుంగ దుబ్బు కింద పడుకుంటే రేపు రాయి కింద పడుకునేది. "నాకూ ఒక గడప ఉంటే, దాని ముందు నా ముగ్గు నేను వేసుకుంటే" అని రోజూ అనుకునేది.

ఎందుకంటే ముగ్గు వేయడంలో నత్తమ్మది గొప్ప చేయి. చేయంటే చేయి కాదనుకోండి, పొట్ట. దాని పొట్ట కింద జిగురు ఊరేది. ఆ జిగురు ఆరితే వెండిలా మెరిసేది. చుక్కలకు బదులు ఇసుక పలుకులు పేర్చి, వాటి చుట్టూ మెలికలు తిప్పి, గీతను ఎక్కడ మొదలుపెట్టిందో అక్కడికే తెచ్చి కలిపేది.

గట్టు మీద ముగ్గంటే వేడుక కాదు, ప్రాణం. వానమ్మకు చూపు ఆనదు మరి. తొలకరి నాడు ఆకాశం నుంచి దిగి, నేలను పాదాలతో తడుముకుంటూ వస్తుంది. కాలికి ముగ్గు తగిలితే "ఇక్కడెవరిదో ఇల్లుంది" అనుకుని పక్కకు తప్పుకుంటుంది. ముగ్గు తెగి ఉంటే అదే దారి అనుకుని నేరుగా లోపలికి నడుస్తుంది. వానమ్మ లోపలికి నడిచిన ఇల్లు ఇక మిగలదు. పాపం, ఆవిడ మనసులో చెడ్డేమీ లేదు. చూపే లేదు.

ఆ ఏడు మబ్బులు నాలుగు రోజులు ముందే వచ్చేశాయి. పొద్దున్నే పడమటి దిక్కు నల్లబడింది. గట్టంతా ఒకటే హడావిడి.

"ఏమే నత్తా, ముందు మా వాకిలికి రా. నేను నిన్ననే చెప్పా" అన్నాడు కప్ప మామ.

"నీకు నీళ్లొస్తే పండగే కదా, నీకెందుకయ్యా అంత తొందర? బొరియ కూలితే నేనెక్కడ తలదాచుకోవాలి?" అని ఎండ్రకాయ తాత కాళ్లన్నీ ఆడించాడు.

ఎర్రచీమల పెద్దమ్మ మాత్రం మెల్లగా దగ్గరికి వచ్చింది. "అమ్మాయ్, మా పుట్ట నిండా గుడ్లున్నాయే. ఇంకో రెండు రోజులైతే పిల్లలవుతాయి. ఈలోపు వానమ్మ లోపలికొస్తే ఒక్కటీ దక్కదు. మా గడప కాస్త చూసి వెయ్యి తల్లీ."

"చూసే వేస్తాను పెద్దమ్మా" అంది నత్తమ్మ.

ఎండ్రకాయ బొరియ ముందు వేసింది. కప్ప గుంట ముందు వేసింది. చీమల పుట్ట దగ్గరికొచ్చి ఇసుక పలుకులు పేర్చి, ఆఖరి మెలిక తిప్పుతుండగా కింది నుంచి కప్ప మామ కేకేశాడు.

"నత్తా, కొంప మునిగిందే. నా ముగ్గు చెరిగిపోయింది."

ఎవరు చెరిపారంటారా? ఇంకెవరు, తనే. కుదురుగా కూర్చోలేక దాని మీదే గెంతాడు. నత్తమ్మ ఆ కేకకు కంగారుపడింది. గీత కలిసిందనుకుంది. వెనక్కి తిరిగి చూసుకోకుండా కిందికి పరుగెత్తింది. కప్ప ముగ్గు మళ్లీ వేసేసరికి దాని జిగురంతా అయిపోయింది.

అప్పుడు పోయి ఎత్తుగా ఉన్న ఒక రాయెక్కి కూర్చుంది. అక్కడికి నీళ్లు రావు. మెరుపు మెరిసింది. ఆ వెలుగులో గట్టు పొడుగునా ముగ్గులు తళతళమన్నాయి. నత్తమ్మకు ఒళ్లు పొంగిపోయింది. అంతలో చీమల పుట్ట ముందు చూపు ఆగిపోయింది.

అక్కడ గీత కలవలేదు. రెండు కొసల మధ్య, సరిగ్గా ఒక నత్త పట్టేంత ఖాళీ.

మొదటి చినుకు పడింది. కలుపుదామంటే ఒంట్లో జిగురు చుక్క లేదు. అయినా రాయి దిగి, ఎన్నడూ పరుగెత్తనంత వేగంగా పరుగెత్తింది. దాని జీవితంలో అదే ఆఖరి పరుగు.

చీమల పెద్దమ్మ గుడ్లను వెనక్కి పెట్టుకుని గడపలో నిలబడి ఉంది. "పారిపోవే అమ్మాయ్. ఇక్కడ నీకు ఇల్లుందా, వాకిలుందా? మా కోసం నువ్వెందుకు కొట్టుకుపోతావు?"

"ఇల్లు మీది పెద్దమ్మా. ముగ్గు నాది" అంది నత్తమ్మ.

అని ఆ ఖాళీలో పడుకుంది. తోకను ఒక కొసకు ఆనించింది. తలను రెండో కొసకు ఆనించింది. మధ్యలో ఒంటిని గుండ్రంగా మెలిక తిప్పింది. ముగ్గు కలిసింది.

వానమ్మ రానే వచ్చింది. గీత వెంట పాదంతో తడుముకుంటూ వచ్చి ఆగింది. "ఇదేమిటి, ఇక్కడ గీత మెత్తగా తగులుతోంది. ఎవరు నువ్వు?"

"గీతనే వానమ్మా."

"గీతలు మాట్లాడవే."

"తెగిన గీత మాట్లాడక తప్పదు. తొందరలో నేనే తెంపాను. కలపడానికి జిగురు లేదు, అందుకని నేనే పడుకున్నాను. నువ్వు పక్కనుంచి వెళ్లు."

"పక్కనుంచి వెళ్లినా నా నీళ్లు నిన్ను తోస్తాయి. నీ మీద మట్టి పడుతుంది. కదలకుండా ఉండగలవా?"

"ముగ్గు కదలదు వానమ్మా" అంది నత్తమ్మ.

వానమ్మ పక్కకు తప్పుకుంది. సాయంత్రం దాకా కురిసింది. గట్టు మట్టి కరిగి నత్తమ్మ మీదికి జారింది. ఒక చుట్టు పేరుకుంది, దాని మీద ఇంకో చుట్టు పేరుకుంది. నత్తమ్మకు ఊపిరాడలేదు. భయమూ వేసింది. కానీ తల ఒక కొస నుంచి కదల్లేదు, తోక రెండో కొస నుంచి కదల్లేదు.

వాన వెలిసింది. చీమలన్నీ బయటికొచ్చాయి. పుట్టలో ఒక్క గుడ్డు కూడా తడవలేదు. ముగ్గు దగ్గర మాత్రం మెలికలు తిరిగిన చిన్న మట్టిముద్ద ఉంది. పెద్దమ్మ దాన్ని పట్టుకుని ఏడ్చింది. "అమ్మాయ్, ఉన్నావా?"

ముద్దలోంచి రెండు కొమ్ములు మెల్లగా బయటికొచ్చాయి. "ఉన్నాను పెద్దమ్మా. గీత కలిసే ఉందా?"

వెళ్లబోతున్న వానమ్మ ఆ మాట విని వెనక్కి తిరిగింది. మట్టిని పాదంతో తాకి, "నువ్వు ఎండినా రాలిపోకు. పెంకులా గట్టిపడి దీని వీపు మీదే ఉండు" అంది. తర్వాత నత్తమ్మతో, "ఇది నీ ఇల్లు. ఎవరూ ఖాళీ చేయించలేరు" అంది.

నత్తమ్మ ఇంటిని చూసుకుందామని వెనక్కి తిరిగింది. ఇల్లు కూడా దానితో పాటే తిరిగింది. "మరి నా గడప ఎక్కడ వానమ్మా?"

"నువ్వెక్కడుంటే అక్కడే. గడప ఉన్నచోట ముగ్గుండాలి. అది నేను చెప్పాలా నీకు?"

చెప్పక్కర్లేదు. మర్నాడు పొద్దున్నే కప్ప మామ మళ్లీ కేకేశాడు. "ఏమే నత్తా, మా వాకిలికి ఎప్పుడొస్తావే?"

"వస్తున్నా మామా. ముందు నా గడప ముగ్గు అవనీ" అంది నత్తమ్మ, వెనక గీత కలుస్తోందో లేదో చూసుకుంటూ.

ఆ ముగ్గు ఇంకా అవలేదు. అది ఒక అడుగేస్తే గడప కూడా ముందుకు జరుగుతుంది మరి. కప్ప మామ వాన పడినప్పుడల్లా కేకలేస్తూనే ఉన్నాడు. పని సాగకపోతే మనుషులు కూడా "అబ్బ, నత్తనడక" అని విసుక్కుంటారు. నత్తమ్మ ఆ మాట వింటుంది, కొమ్ములు ఇంకాస్త ఎత్తుతుంది, అడుగు మాత్రం తొందరపెట్టదు.

అప్పటినుంచే నత్త మెలికల ఇంటిని వీపున మోసుకుంటూ, నెమ్మదిగా, వెనక వెండి గీత గీసుకుంటూ నడుస్తుంది. వాన వెలిసిన పొద్దున మీ గోడ మీద ఆ గీత కనిపిస్తే వంగి చూడండి. అక్కడిదాకా ఒక ఇల్లాలు తన గడప ముందు ముగ్గు వేసుకుంటూ వచ్చిందని అర్థం.